పాత రికార్డును పారేయొద్దు, విడిగా దాచుకుందాం



ఈ సంచికకు కంప్యూటరు మీద ఒక వ్యాసం రాయమని వార్డెన్ గారు మమ్మల్ని అడిగారు. మేము నలుగురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదువుకుని, ఇప్పుడు డేటాబేసు పనుల్లో ఉన్నవాళ్లం. కంప్యూటరు అంటే ఏమిటి, దాని భాగాలు ఏవి అన్న వ్యాసాలు మీరు చాలా చదివే ఉంటారు. అందుకని మేము రోజూ చేసే ఒక పని గురించి రాస్తున్నాం. రికార్డులు ఏళ్ల తరబడి పెరిగిపోతే పాతవాటిని పారేయకుండా, కొత్త పనికి అడ్డం రాకుండా ఎలా దాచాలి? దాచినవాటిని ఎవరైనా అడిగిన రోజున ఎలా తియ్యాలి? ఇదే విషయం.

ఒక సర్టిఫికెట్ కథ

కిందటి వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు రాజోలు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన చిన్నప్పుడు ఈ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఆ సంగతి ధ్రువీకరిస్తూ కాగితం కావాలన్నారు. వాళ్ల ఇంట్లో పాత కాగితాలేవీ మిగల్లేదు. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఒకేచోట రాసి ఉన్నది మన అడ్మిషన్ రిజిస్టరులోనే.

వార్డెన్ గారు బీరువా తెరిచారు. లోపల రిజిస్టర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కొన్నింటి అట్టలు ఊడిపోయాయి, కొన్నింటికి చెదలు పట్టింది. "ఏ సంవత్సరంలో చేరారండి?" అని అడిగారు. పెద్దాయన సంవత్సరం చెప్పారు. ఆ ఏటి రిజిస్టరు వెతికి బయటకు తీయడానికి అరగంట పట్టింది. దొరికాక పేరు కనిపించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన ఆ వరుస మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయారు.

ఆ రోజు మాకు రెండు సంగతులు తోచాయి. ఆస్తులున్నవాళ్లకు దస్తావేజులు ఉంటాయి. మనలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లకు చాలాసార్లు స్కూలు రిజిస్టరు, హాస్టలు రిజిస్టరే రుజువు. అది పోతే మనిషి చెప్పే మాటకు సాక్ష్యం పోయినట్టే. రెండోది, ఏ ఏటి రిజిస్టరు ఆ ఏటికి విడిగా ఉండబట్టే అది అంత తొందరగా దొరికింది. అన్ని సంవత్సరాల పేర్లూ ఒకే పెద్ద పుస్తకంలో కలగలిపి రాసి ఉంటే ఆ పూటకు దొరికేది కాదు.

టేబుల్ అంటే మన రిజిస్టరే

డేటాబేసులో టేబుల్ అంటే గీతలు కొట్టిన రిజిస్టరు లాంటిదే. నిలువు గడులు ఉంటాయి, అడ్డ వరుసలు ఉంటాయి. మన హాజరు పట్టీనే తీసుకోండి. వంద మంది పిల్లలు, రోజుకు రెండుసార్లు హాజరు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే ఏటా 60,000 వరుసలు. ఇరవై ఏళ్లకు 12 లక్షలు. ఒక్క హాస్టలుకు ఇది పెద్ద లెక్క కాదు. అలాంటి హాస్టళ్లు వెయ్యి ఉన్నాయనుకుంటే ఏడాదికి 6 కోట్లు, ఇరవై ఏళ్లకు 120 కోట్ల వరుసలు అవుతాయి.

ఇందులో రోజూ మనకు కావలసింది ఈ ఏటి హాజరు మాత్రమే. మిగతా పందొమ్మిదేళ్ల వరుసలు ఎప్పుడో ఒకసారి కావాలి. అయినా అవి కూడా అదే టేబుల్లో ఉండటం వల్ల ఇండెక్సు, అంటే వెతకడానికి ఉన్న సూచిక, పెద్దదైపోతుంది. రాత్రి తీసే బ్యాకప్ తెల్లారినా పూర్తికాదు. డిస్కు నిండిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు "పాతవి తీసెయ్యండి" అంటారు.

తీసేస్తే ఏమవుతుంది

మాలో ఒకడు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో ఫీజు రసీదుల డేటాబేసు చూసేవాడు. డిస్కు నిండింది. ఐదేళ్లు దాటిన రసీదులు డిలీట్ చేద్దామని పగటిపూటే మొదలుపెట్టాడు. గంటలు గడిచినా పని కాలేదు. కౌంటరులో కొత్త రసీదులు ఆగిపోయాయి. బయట జనం బారులు తీరారు.

కారణం ఇది. డిలీట్ అంటే వరుసలను ఒక్కొక్కటిగా తీయడం. తీసిన ప్రతి వరుస సంగతీ కంప్యూటరు లాగ్ ఫైల్లో రాసుకోవాలి. ఆ టేబులుకు ఎన్ని ఇండెక్సులు ఉంటే అన్నింటిలోనూ ఆ వరుసకు సంబంధించిన పని ఉంటుంది. పని సగంలో ఆగితే తీసినవన్నీ మళ్లీ వెనక్కి పెట్టాలి. ఇంత చేసినా డిస్కులో జాగా వెంటనే తిరిగి రాదు. వరుసలు పోయినా ఫైలు సైజు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోతుంది.

అసలు నష్టం తర్వాత తెలిసింది. కొన్ని నెలలకు ఒక అబ్బాయి వచ్చి, పాత ఫీజు కట్టినట్టు రుజువు ఇమ్మన్నాడు. రసీదు కాగితం అతని దగ్గర లేదు. డేటాబేసులోనూ లేదు. అతను అబద్ధం ఆడటం లేదని మావాడికి తెలుసు. కానీ చూపించడానికి ఏమీ లేదు. ఆ తప్పు తనదేనని మావాడు ఇప్పటికీ అంటాడు.

దింపు దింపుకీ వేరు రాశి

మన కోనసీమలో కొబ్బరి తోటలున్నవాళ్లు ఏం చేస్తారో చూడండి. ఒక దింపు తీసిన కాయలను ఒక రాశి పోస్తారు. తరువాతి దింపు కాయలను దాని మీద పోసి కలపకుండా పక్కన మరో రాశి పోస్తే, ఎప్పుడు తీసిన కాయ ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది. పాత దింపు అమ్మాలంటే ఆ రాశిని మొత్తం బండికి ఎత్తితే సరిపోతుంది. అన్నీ కలిపేసి పోస్తే, పాత కాయ ఏది, కొత్త కాయ ఏది అని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసుకోవాలి.

డేటాబేసులో పార్టిషన్ అంటే ఇదే. పైకి చూస్తే టేబుల్ ఒక్కటే. దానికి పేరు ఒక్కటే. లోపల మాత్రం ఏ సంవత్సరం వరుసలు ఆ సంవత్సరం గదిలో విడిగా ఉంటాయి. కొత్త వరుస వచ్చినప్పుడు తేదీ చూసి కంప్యూటరే దాన్ని సరైన గదిలో వేస్తుంది. మనం ఫలానా నెల హాజరు అడిగితే, ఆ నెల ఉన్న గది ఒక్కటే తెరిచి మిగతావాటిని ముట్టుకోదు. దీన్ని పార్టిషన్ ప్రూనింగ్ అంటారు. చెట్టుకు అక్కర్లేని కొమ్మలు కత్తిరించడం లాంటిదన్నమాట.

ఈ సౌకర్యం కొత్తదేమీ కాదు. ఒరాకిల్ 8తో 1997లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 2005 వెర్షన్‌తో వచ్చింది. డబ్బు కట్టకుండా వాడుకోగల మై ఎస్.క్యూ.ఎల్.లో 5.1 వెర్షన్‌తో 2008లోను, పోస్ట్‌గ్రెస్‌లో నేరుగా పార్టిషన్లు ప్రకటించే పద్ధతి 10వ వెర్షన్‌తో 2017లోను వచ్చాయి. అందుచేత డబ్బు లేని సంస్థ కూడా ఈ రోజున ఈ పని చేసుకోవచ్చు.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నేర్పే పాఠం

కంప్యూటర్లు రాకముందే ఈ ఆలోచన మన దగ్గర ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులు చూసే ఉంటారు. అక్కడి పని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నడుస్తుంది. ఆ చట్టం 53వ సెక్షన్ ప్రకారం పుస్తకాల్లో ఎక్కించే దస్తావేజులకు వరుస నెంబర్లు ఇవ్వాలి. ఆ వరుస సంవత్సరంతో మొదలై సంవత్సరంతో ముగియాలి. కొత్త ఏడాది రాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలు. అందుకే దస్తావేజు నెంబరు చెప్పేటప్పుడు పక్కన సంవత్సరం కూడా చెబుతారు. నెంబరు ఒక్కటే చెబితే ఏ ఏటిదో తెలియదు.

డేటాబేసులోనూ ఇదే నియమం. మై ఎస్.క్యూ.ఎల్., పోస్ట్‌గ్రెస్ లాంటి వాటిలో టేబులును తేదీ ప్రకారం విడదీస్తే ప్రైమరీ కీలో ఆ తేదీ కూడా ఉండాలి. మీ పదో తరగతి హాల్ టికెట్ నెంబరుతో పాటు పాసైన సంవత్సరం కూడా ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

55వ సెక్షన్ సూచికల గురించి చెబుతుంది. రాసిచ్చినవారు, రాయించుకున్నవారు పేర్లతో ఒక సూచిక, ఆస్తి వివరాలతో మరో సూచిక ఉండాలి. 57వ సెక్షన్ ఎవరు ఏది చూడవచ్చో చెబుతుంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలు ఎక్కించే మూడో పుస్తకం నకళ్లు అందరికీ ఇవ్వరు. అంటే విడదీయడం, సూచిక పెట్టడం, ఎవరికి చూపాలో నిర్ణయించడం అనే మూడు పనులూ ఆ చట్టంలోనే ఉన్నాయి.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ పనిని కంప్యూటరులో పెట్టే 'కార్డ్' పథకం 1998 నవంబరులో మొదలైంది. అప్పటికి ఉన్న పుస్తకాలన్నీ ఎక్కించాలంటే అయ్యే పని కాదు. వదిలేస్తే ఈ.సి. ఇవ్వడానికి పనికిరాదు. ఈ.సి. అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఒక ఆస్తి మీద గతంలో జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం. దానికి పాత లెక్కే ప్రాణం. అందుకని వెనక్కి పదిహేనేళ్లు వెళ్లి 1983 దగ్గర గీత గీశారు. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల ఈ.సి. కంప్యూటరు నుంచి వస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పుస్తకాలు వెతికించుకోవాలి.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. గీతకు అవతల ఉన్న పుస్తకాలను కాల్చెయ్యలేదు. తొందరగా వచ్చేవి ఒకచోట, నిదానంగా వచ్చేవి ఒకచోట పెట్టారు. ఎవరైనా 1975 నుంచి కావాలంటే రెండుచోట్లా వెతికి ఇవ్వవలసిందే. పాత రికార్డు ఆలస్యంగా రావచ్చు గాని, లేదు అనిపించుకోకూడదు.

దేన్నిబట్టి విడదీయాలి

విడదీసే పద్ధతులు ముఖ్యంగా మూడు. తేదీ ప్రకారం విడదీస్తే రేంజ్ అంటారు. జిల్లా, హాస్టలు లాంటి పేర్ల జాబితా ప్రకారం విడదీస్తే లిస్ట్ అంటారు. ఒక గణితం వేసి వరుసలను గదులకు సమానంగా పంచితే హ్యాష్ అంటారు. పాతవి దాచడానికి హ్యాష్ పనికిరాదు. ఎందుకంటే ప్రతి గదిలోనూ పాతవీ కొత్తవీ కలిసే ఉంటాయి.

లిస్ట్ సంగతి చూద్దాం. మన ఊళ్లన్నీ 2022 ఏప్రిల్ 3 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అదే ఏడాది దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టారు. జిల్లా ప్రకారం టేబులును విడదీసి ఉంటే ఆ రోజున ఎన్ని వరుసలు గది మారాలో ఊహించండి. హాస్టలు ఉన్నచోటే ఉంది, పిల్లలు ఉన్నచోటే ఉన్నారు, జిల్లా మాత్రం మారింది. కానీ ఒక పిల్లవాడు 2015 జూన్‌లో చేరాడన్న తేదీ ఎప్పటికీ మారదు. విడదీయడానికి మారనిదాన్నే పట్టుకోవాలి.

సంవత్సరం కూడా మన పనికి తగ్గట్టు ఉండాలి. హాస్టలు లెక్కకు జనవరి కంటే జూన్ నుంచి మే దాకా చూసుకోవడం మేలు. జూన్ 1 ఏ గదిలో పడుతుందో ముందే తేల్చుకోవాలి. "జూన్ 1 నుంచి, వచ్చే జూన్ 1కి లోపల" అని రాస్తే ఏ తేదీ రెండుచోట్ల పడదు, ఏ తేదీ జారిపోదు.

ఇంకొకటి. అడిగేవాడు తేదీ చెప్పకుండా పేరు మాత్రమే చెబితే కంప్యూటరు అన్ని గదులూ తెరవాలి. ఆ పెద్దాయన సంవత్సరం చెప్పకపోయి ఉంటే వార్డెన్ గారు బీరువా అంతా దింపవలసి వచ్చేది. అందుకే పేరు, చేరిన సంవత్సరం మాత్రమే ఉండే చిన్న సూచిక టేబుల్ ఒకటి విడిగా పెట్టుకోవాలి. ముందు అందులో చూసి, సంవత్సరం తెలుసుకుని, తర్వాత ఆ గదికి వెళ్లాలి.

అటక ఎక్కించడం

మన భాషలో అటకెక్కించడం అంటే పట్టించుకోకుండా వదిలేయడం. కోనసీమలో అటకకు ఇంకో అర్థం ఉంది. బాగా ముదిరిన కాయలను అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీరు ఇంకి కురిడీ అవుతుంది. దాన్ని అంబాజీపేట తీసుకెళితే మంచి ధర పలుకుతుంది. పాత రికార్డును కూడా ఈ పద్ధతిలో అటక ఎక్కించాలి. వాడకం తక్కువని దాని విలువ తక్కువ కాదు.

ఇందుకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది, పాత పార్టిషన్‌ను టేబుల్లోనే ఉంచి, నిదానంగా పనిచేసే చవక డిస్కు మీదకు మార్చడం. అడిగేవాడికి తేడా తెలియదు, జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది అంతే. దాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా కట్టడి చేస్తే ఇంకెవరూ దిద్దలేరు. దిద్దనిదానికి రోజూ బ్యాకప్ అక్కర్లేదు. ఒకసారి జాగ్రత్తగా తీసి, రెండుచోట్ల పెడితే సరిపోతుంది.

రెండోది, ఆ పార్టిషన్‌ను టేబుల్ నుంచి విడదీయడం. పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని డిటాచ్ అంటారు. ఒరాకిల్‌లో ఎక్స్‌ఛేంజ్ పద్ధతిలో చేస్తారు. ఎన్ని కోట్ల వరుసలున్నా ఇది దాదాపు క్షణాల్లో అవుతుంది. ఎందుకంటే వరుసలు కదలవు, ఆ గది ఎవరి కిందికి వస్తుందన్న రాత మాత్రమే మారుతుంది. రాశిని ఎత్తకుండా దాని మీద పేరు మార్చి రాసినట్టు అన్నమాట. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి, అంటే 2021 నుంచి, మిగతా పని ఆపకుండానే డిటాచ్ చేసే వీలు కూడా వచ్చింది.

విడదీసిన గది ఇప్పుడు మామూలు టేబుల్ అవుతుంది. కొత్త టేబులునూ దీన్నీ కలిపి చూపే వ్యూ ఒకటి రాసి పెడితే, పాతది కావలసినవాళ్లు దాని ద్వారా చూసుకుంటారు. రోజువారీ పని మాత్రం కొత్త టేబుల్లోనే తేలికగా సాగుతుంది. అవసరమైతే విడదీసినదాన్ని మళ్లీ అతికించుకోవచ్చు.

మరిచిపోకూడనివి

పాతది వేరు, ముగిసినది వేరు. నాలుగేళ్ల కిందటి స్కాలర్‌షిప్ దరఖాస్తు తేదీని బట్టి చూస్తే పాతదే. కానీ డబ్బు ఇంకా రాకపోతే ఆ అబ్బాయికి అది ఈ రోజు సమస్యే. అలాంటివి ఎన్ని మిగిలి ఉన్నాయో లెక్క చూడకుండా గదిని విడదీయకూడదు.

మనుషుల టేబులును, పనుల టేబులును ఒకేలా చూడకూడదు. హాజరు, సరుకుల స్టాకు లాంటివి ఏడాది ప్రకారం విడదీయవచ్చు. పిల్లల పేర్లుండే అడ్మిషన్ టేబుల్ చిన్నదే, దాన్ని ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలి. హాజరు వరుసలో ఉన్న నెంబరు ఎవరిదో చెప్పేది అదే.

విడదీయకముందు వరుసలు లెక్కపెట్టాలి, మార్చాక మళ్లీ లెక్కపెట్టాలి. రెండూ సరిపోయాకే తరువాతి పని.

ఆనాటి కోడ్ల జాబితా కూడా గదితో పాటే దాచాలి. హాస్టలు కోడ్, జిల్లా కోడ్, కులం కోడ్ అన్నీ అంకెలే. ఇరవై ఏళ్ల తర్వాత 7 అంటే ఏమిటో చెప్పే కాగితం లేకపోతే ఆ రికార్డు ఉన్నా లేనట్టే.

వచ్చే ఏటి గదిని ముందే కట్టాలి. మే నెలలో మరిచిపోతే జూన్ 1న కొత్త హాజరు వేయబోతే కంప్యూటరు తీసుకోదు.

నకలు ఒక్కచోటే ఉంచకూడదు. 1986 ఆగస్టులో గోదావరి వరద, 1996 నవంబరు 6న వచ్చిన తుపాను మన పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు, అదే ఊళ్లో అదే గదిలో ఉన్న రెండో నకలు ఎందుకూ పనికిరాదు. ఏడాదికోసారి ఆ నకలు తెరిచి, ఒక పాత పేరు వెతికి చూడాలి. తెరుచుకోని నకలును నమ్ముకోకూడదు.

చివరగా, మన రికార్డుల్లో కులం, ఆధార్, తల్లిదండ్రుల ఆదాయం ఉంటాయి. అందుబాటులో ఉండటమంటే అందరికీ తెరిచి పెట్టడం కాదు. ఎవరి వరుస వాళ్లకు, పనున్న అధికారికి కనిపిస్తే చాలు.

మన వంతు

తమ్ముళ్లూ, పై చదువుల్లో కంప్యూటరు తీసుకునేవాళ్లు ఈ మాటలను అప్పుడు ఇంకా లోతుగా చదువుకుంటారు. తీసుకోనివాళ్లు ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. రికార్డు పెరిగిపోయిందని విసుగు వచ్చినప్పుడు, అందులో ఒక్కో వరుసా ఒక్కో మనిషని తలుచుకోండి.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. వార్డెన్ గారి అనుమతితో వచ్చే వేసవి సెలవుల్లో మన పాత అడ్మిషన్ రిజిస్టర్లను ఏడాది ప్రకారం సర్ది, పేర్ల సూచిక కంప్యూటరులో ఎక్కించాలని మేము నలుగురం అనుకుంటున్నాం. పాత అక్షరాలు చదవగలిగిన పెద్దలు, వేగంగా టైపు చేయగలిగిన తమ్ముళ్లు మాతో కలవాలి. కంప్యూటరు పని అయ్యాక కూడా రిజిస్టర్లు ఆ బీరువాలోనే, చెద పట్టకుండా ఉంటాయి.

ఈసారి ఎవరైనా పెద్దాయన గుమ్మంలోకి వచ్చి సర్టిఫికెట్ అడిగితే, ఆయనకు సంవత్సరం గుర్తులేకపోయినా మనం ఆయన పేరు తీసి చూపించగలగాలి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు